పాత సైకిల్‌ను ఫిక్స్‌డ్ గేర్‌గా మార్చుకోవడం, దాన్ని బాగా చూసుకోవడం ఎలా?

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌కు ఫ్రీవీల్ ఉండదు. వెనక పళ్ళచక్రం నేరుగా చక్రం మధ్యలోని హబ్‌కే బిగిసి ఉంటుంది కాబట్టి చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. వాలులోనైనా సరే కాళ్ళు కదపకుండా కూర్చోవడం కుదరదు. ముందుకు తొక్కితే వేగం పెరుగుతుంది, తిరుగుతున్న పెడల్‌కు కాలితో ఎదురొత్తితే వేగం తగ్గుతుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని వెలోడ్రోమ్ వంటి పందెపు బాటల మీద నడిచే ట్రాక్ సైకిళ్ళు ఈ జాతివే. వాటికి బ్రేకులు కూడా ఉండవు, ఎందుకంటే అక్కడ ఎదురు వచ్చే వాహనం గానీ అడ్డం వచ్చే పశువు గానీ ఉండదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రోడ్ల మీద నడపదలచినవారికి మాత్రం ముందు బ్రేకు తప్పనిసరి.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గట్టిగా మనసులో పెట్టుకోవాలి. ఈ సైకిల్‌లో చైను, పళ్ళచక్రం, దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్, క్రాంకును (పెడల్ తగిలించే కడ్డీని) ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను బండిని నడిపే భాగాలే కాదు, ఆపే భాగాలు కూడా. మామూలు సైకిల్‌కు చైను ఊడితే దిగి ఎక్కించుకుంటాం. ఇందులో చైను ఊడితే ఆ క్షణంలోనే కాళ్ళతో ఆపే శక్తి పోతుంది. ఊడిన చైను పళ్ళచక్రం పక్కన ఇరుక్కుంటే వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసి మనిషిని పడవేస్తుంది. అందుచేత "ఇప్పటికి ఇలా కానిద్దాం" అనే మాట ఈ పనిలో ఎక్కడా చెల్లదు.

ఏ సైకిల్ పనికివస్తుంది

మన జిల్లాల్లో చాలా ఇళ్ళలో, ఒకప్పుడు పాలకేంద్రానికో పొలానికో తొక్కిన నల్లటి పెద్ద సైకిల్ ఒకటి గోడకు ఆనించి ఉంటుంది. హీరో, అట్లాస్, హెర్క్యులిస్ ఏదైనా సరే, 28 × 1½ అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు ఉన్న ఆ సైకిలే ఈ పనికి నా దృష్టిలో అన్నిటికన్నా తగినది. దానికి రెండు కారణాలున్నాయి. ఫ్రేము ఉక్కుది, కొద్దిగా సాగదీసినా పగలదు. రెండవది, వెనక ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా, పొడవుగా ఉంటుంది కాబట్టి చక్రాన్ని ముందుకూ వెనక్కూ జరిపి చైను బిగువు సరిచేసుకోవచ్చు. గేర్ల సైకిళ్ళలో చాలావాటికి ఆ గాడి నిలువుగా ఉంటుంది. అందులో చక్రం జరగదు, గేర్లు మార్చే స్ప్రింగు చెయ్యిని ఫిక్స్‌డ్ గేర్‌లో వాడకూడదు, కనుక వాటి జోలికి పోకండి.

ఫ్రేమును కిరోసిన్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, వెలుతురులో పెట్టి అతుకులన్నీ చూడండి. ముఖ్యంగా చిమ్టా (ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు) మెడ దగ్గర, వెనక గాడుల దగ్గర, సీటు గొట్టం కింద వెంట్రుకంత గీత కనిపించినా, అక్కడ రంగు పొంగి కింద తుప్పు కనిపించినా ఆ ఫ్రేమును పక్కన పెట్టండి.

వెనక చక్రం

అసలు పని అంతా ఇక్కడే ఉంది. ఖర్చు తగ్గించుకోవాలని చాలామంది పాత ఫ్రీవీల్‌నే వెల్డింగ్ చేయించి కదలకుండా చేస్తారు. నేనూ మొదట అదే చేశాను. ఒక వెల్డింగ్ దుకాణంలో, "ఇది జన్మలో ఊడదు" అని నమ్మకంగా చెప్పి అతికి ఇచ్చారు. వారం రోజులు బాగానే నడిచింది. ఒక సాయంత్రం పానగల్ చెరువు కట్ట దిగుతూ వేగం తగ్గించడానికి పెడళ్ళను వెనక్కి ఒత్తేసరికి కాళ్ళ కింద బరువు ఒక్కసారిగా మాయమైంది. పెడళ్ళు వెనక్కి వట్టిగా తిరిగాయి, సైకిల్ మాత్రం ముందుకే పోతోంది. ముందు బ్రేకు ఉంది కాబట్టి నిలిచాను. విప్పి చూస్తే వెల్డింగ్ చెక్కుచెదరలేదు, ఫ్రీవీల్ మొత్తంగా హబ్ మర మీది నుంచి వదులై వచ్చింది. తప్పు అతుకుది కాదు, మరది.

కారణం ఇది. మామూలు హబ్ మీద ఉన్న మర కుడిచేతి మర. ముందుకు తొక్కినంతసేపూ పళ్ళచక్రం మరింత బిగుస్తుంది, వెనక్కి ఒత్తితే విప్పుకుంటుంది. ఫ్రీవీల్ ఉన్న బండిలో వెనక్కి ఒత్తిడి ఎప్పుడూ పడదు కాబట్టి ఆ మర చాలు. ట్రాక్ హబ్‌కు మాత్రం రెండు మెట్లుగా మరలుంటాయి: లోపలి పెద్ద మెట్టు మీద కుడిచేతి మరతో పళ్ళచక్రం, బయటి చిన్న మెట్టు మీద ఎడమచేతి మరతో లాక్‌రింగ్. మీరు కాళ్ళతో ఎదురొత్తినప్పుడు పళ్ళచక్రం విప్పుకోబోయి లాక్‌రింగ్‌ను తనతోపాటు అదే దిక్కుకు తిప్పబోతుంది. ఆ దిక్కు లాక్‌రింగ్‌కు బిగిసే దిక్కు. కొందరు మామూలు హబ్ మీదే బీబీ (క్రాంకుల ఇరుసు తిరిగే బేరింగు) లాక్‌రింగ్ ఎక్కించి పని కానిస్తారు. మర కొలత సరిపోతుంది గానీ అదీ కుడిచేతి మరే, రెండూ కలిసి విప్పుకుంటాయి. కాబట్టి ట్రాక్ హబ్ తప్పనిసరి. మన పట్టణాల్లోని సైకిల్ దుకాణాల్లో ఇది సాధారణంగా దొరకదు, తెప్పించుకోవాలి. ఒక పక్క ఫిక్స్‌డ్, రెండో పక్క ఫ్రీవీల్ ఎక్కే రెండు వైపుల హబ్ తీసుకుంటే మంచిది.

ఇప్పుడు రిమ్ము సంగతి. పెద్ద సైకిళ్ళలో ముందు రిమ్ముకు 32 రంధ్రాలు, వెనక రిమ్ముకు 40 రంధ్రాలు ఉంటాయి. ట్రాక్ హబ్‌లు ఎక్కువగా 32 లేదా 36 రంధ్రాలతో వస్తాయి. కనుక 32 రంధ్రాల ట్రాక్ హబ్ తీసుకొని, దుకాణంలో "ముందు రిమ్ము" అని అడిగి 28 × 1½ రిమ్ము ఇంకొకటి కొని, దాన్ని వెనక చక్రంగా కట్టించండి. పాత పుల్లలు సరిపోవు, ఎందుకంటే ట్రాక్ హబ్ అంచు వ్యాసం వేరు. హబ్, రిమ్ము రెండూ చేతికి ఇచ్చి కొలిపించి కొత్త పుల్లలు వేయించండి. ఈ చక్రం మీద క్యారియర్ పెట్టి బియ్యం బస్తాలు వేయకూడదు. మనిషి బరువుకు 32 పుల్లలు చాలు. ఔట్ (చక్రం వంకర) తీయించేటప్పుడు పక్కల ఊపుతోపాటు ఎత్తుపల్లాలు కూడా చూడమని చెప్పండి. చక్రం కట్టాక 100 కి.మీ. తిరిగి వచ్చి మళ్ళీ ఒకసారి పుల్లల బిగువు సరిచేయించాలి, కొత్త పుల్లలు ఆ లోపు కొంత సర్దుకుంటాయి.

ట్రాక్ హబ్ వెడల్పు సాధారణంగా 120 మి.మీ. మీ ఫ్రేము వెనక గాడుల మధ్య లోపలి దూరం స్కేలుతో కొలవండి. నాలుగైదు మి.మీ. తక్కువైతే చేతులతో కొద్దిగా విడదీస్తూ చక్రాన్ని దూర్చవచ్చు. అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే ఫ్రేము పని తెలిసిన మేస్త్రీ చేత రెండు పక్కలా సమంగా సాగదీయించాలి. ఒక పక్కే సాగితే చక్రం వంకరగా నిలిచి చైను ఎప్పటికీ కుదురుగా నడవదు. ఇరుసు 10 మి.మీ. లావుంటుంది, గాడి ఇరుకనిపిస్తే ఆకురాయితో పై అంచును మాత్రం కొంచెం కొంచెంగా రాయండి.

పళ్ళచక్రం ఎక్కించే ముందు మరల మీద పలుచగా గ్రీజు రాసి, మొదట చేతితోనే చివరి దాకా తిప్పాలి. అడ్డం తిరిగి ఎక్కితే మర చెడిపోతుంది, మర చెడితే హబ్ పోయినట్టే. ఆ తర్వాత బిగించడానికి చైను పానా కావాలి. అడుగున్నర పొడవు ఇనుప పట్టీకి పాత చైను ముక్క ఒకటి చివర బోల్టుతో తగిలించి ఇంట్లోనే చేసుకోవచ్చు. చైను ముక్కను పళ్ళ మీద చుట్టి, ఒంటి బరువు వేసి గడియారం ముల్లు తిరిగే దిక్కుకు లాగండి. దాని మీద లాక్‌రింగ్‌ను ఎదురు దిక్కుకు తిప్పి, కొక్కెం పానాతో బిగించండి. సుత్తి, ఉలి పెట్టి కొట్టి బిగించే అలవాటు కొందరికి ఉంది. లాక్‌రింగ్ గాట్లు చిట్లిపోతాయి కాబట్టి చేయనివ్వకండి. తర్వాత ఒకటి రెండు కిలోమీటర్లు ఎత్తు ఎక్కి తొక్కి రండి. ఆ బలానికి పళ్ళచక్రం ఇంకాస్త లోపలికి బిగుస్తుంది, లాక్‌రింగ్ కింద సందు పడుతుంది. మళ్ళీ బిగించండి. ఈ రెండో బిగింపు మరచిపోయినవారికే తరువాత లాక్‌రింగ్ ఊడుతుంది.

పళ్ళ లెక్క

ముందు చైన్‌వీల్ పళ్ళు లెక్కపెట్టండి. 44 గానీ 48 గానీ ఉంటాయి. 44 పళ్ళ చైన్‌వీల్‌కు వెనక 18 పళ్ళు పెడితే, 28 అంగుళాల చక్రంతో పెడల్ ఒక చుట్టుకు సైకిల్ దాదాపు ఐదున్నర మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు సుమారు 20 కి.మీ., 90 చుట్లు తొక్కితే సుమారు 29 కి.మీ. వస్తుంది. నల్లగొండ నుంచి మిర్యాలగూడ వైపు చదునుగా సాగే దారులకు ఇది హాయిగా ఉంటుంది. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఎత్తుపల్లాలు ఎక్కువగా తగిలేవారు 19 పళ్ళు పెట్టుకోవచ్చు. 16 కన్నా తక్కువ పళ్ళు పెట్టాలన్న ఉత్సాహం కొత్తవారికి వద్దు, ఎక్కడం కష్టమనే కాదు, ఆపడం అంతకన్నా కష్టం.

ఇంకో లెక్క కూడా ఉంది. కాళ్ళు బిగపట్టి వెనక చక్రాన్ని జారనిస్తే టైరు ఎప్పుడూ కొన్ని చోట్లే అరుగుతుంది. ముందు, వెనక పళ్ళ సంఖ్యలను ఉమ్మడి భాజకంతో తగ్గించగా వెనక మిగిలిన సంఖ్యే ఆ చోట్ల సంఖ్య. 48కి 16 పెడితే 3కి 1 అవుతుంది, అంటే టైరు ఒక్కచోటే అరిగి త్వరలో దారాలు కనిపిస్తాయి. 44కి 18 పెడితే 9 చోట్లు, 44కి 17 పెడితే 17 చోట్లు. అసలు చక్రం జారనివ్వకుండా నడపడమే టైరుకు మేలు, అయినా అనుకోకుండా జారే సందర్భాలు ఉంటాయి కనుక ఈ లెక్క చూసుకోండి.

పెద్ద సైకిల్ చైన్‌వీల్‌కు సరిపడేది ⅛ అంగుళం వెడల్పు చైను. వెనక పళ్ళచక్రం కూడా అదే వెడల్పుది తీసుకోవాలి. ముందు పళ్ళూ వెనక పళ్ళూ ఒకే గీతలో ఉండాలి: వెనక నుంచి ఒంటి కన్నుతో చైను వెంట చూస్తే అది నిటారుగా కనిపించాలి, తేడా 2 మి.మీ. మించకూడదు. మించితే ఇరుసు మీది వాషర్లు అటూ ఇటూ మార్చి చక్రాన్ని జరపాలి, ఆ మేరకు రిమ్మును కూడా మధ్యకు లాగించాలి. చైను జాయింటు క్లిప్పుకు మూసి ఉన్న కొస చైను కదిలే దిక్కుకు ఉండాలి.

బిగువు చూడటానికి చైను పై వరుస మధ్యలో వేలితో ఆనించి పైకీ కిందికీ కదపండి. మొత్తం అర అంగుళం ఆడాలి. చైన్‌వీళ్ళు సరిగ్గా గుండ్రంగా ఉండవు కాబట్టి, క్రాంకును కొద్దికొద్దిగా తిప్పుతూ ఎక్కడ చైను అన్నిటికన్నా బిగుతుగా ఉందో పట్టుకొని, ఆ చోట ఈ కొలత ఉంచాలి. మరీ బిగిస్తే బేరింగులు గరగరమంటాయి, వదులుగా ఉంటే గుంతలో చైను ఎగిరిపోతుంది. గొలుసును పూర్తిగా మూసేసే రేకు పెట్టె ఉంటే తీసివేయండి, దాని లోపల బిగువు కనిపించదు. పై సగం రేకు ఉంచుకోవడం బట్టలకు మంచిది.

కాటర్లు, బ్రేకు, పెడళ్ళు

మామూలు తొక్కుడులో కాటర్ మీద ఒకే దిక్కు నుంచి ఒత్తిడి పడుతుంది. ఫిక్స్‌డ్ గేర్‌లో ముందుకూ వెనక్కూ మార్చి మార్చి పడుతుంది, అందుకే పాత కాటర్ ఇక్కడ తొందరగా వదులవుతుంది. రెండు కాటర్లూ కొత్తవి వేయండి. క్రాంకు కింద నేలకు ఆనేలా ఒక ఇనుప గొట్టం నిలబెట్టి, ఆ ఆసరా మీద సుత్తితో నాలుగు గట్టి దెబ్బలు వేసి, ఆ తర్వాత నట్టును ఓ మోస్తరుగా బిగించండి. నట్టుతో కాటర్‌ను లోపలికి లాగాలని చూస్తే మర తెగుతుంది. ఆసరా లేకుండా కొడితే ఆ దెబ్బలన్నీ బీబీ గుండ్లకు తగిలి కప్పుల్లో గుంతలు పడతాయి. 30 కి.మీ. తొక్కాక మళ్ళీ కొట్టి నట్టు బిగించాలి. తొక్కేటప్పుడు ప్రతి చుట్టుకూ ఒక్క "టక్" మని వినిపిస్తే అది కాటర్ వదులైన చప్పుడని గుర్తుపట్టండి.

ముందు కడ్డీ బ్రేకును అలాగే ఉంచి, రబ్బర్లు కొత్తవి వేయండి. ఆ బ్రేకు రిమ్ము లోపలి అంచును పైకి లాగి పడుతుంది కనుక పాత తరహా రిమ్ముకే సరిపోతుంది. రిమ్ము మార్చితే బ్రేకూ మార్చాలి. వెనక బ్రేకును మొదటి రెండు మూడు నెలలు తీయకపోవడమే నా సలహా. హబ్‌ను తిప్పి ఫ్రీవీల్ వైపు వాడే రోజున అయితే రెండు బ్రేకులూ ఉండి తీరాలి. వానలో తడిసిన ఉక్కు రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుందని గుర్తుంచుకొని వేగాన్ని సగానికి తగ్గించండి.

పెడళ్ళకు బొటనవేళ్ళ దగ్గర పట్టే క్లిప్పులు, పట్టీలు వేసుకోవాలి. వేగంలో పాదం పెడల్ నుంచి జారితే, ఆగకుండా తిరిగే ఆ పెడల్ పిక్కకు, మడమకు దెబ్బ కొడుతుంది. పట్టీని కాలు లాగితే వచ్చేంత వదులుగా ఉంచండి. ఎడమ పెడల్‌కు ఎడమచేతి మర ఉంటుంది. లుంగీ, పంచె, చున్నీ, వేలాడే బూటు దారం ఏదీ ఈ సైకిల్ మీదకు రాకూడదు.

మొదటి పది రోజులు

ఊరి బడి మైదానంలో, మట్టి నేల మీద మొదలుపెట్టండి. ఎడమ పెడల్ మీద ఒక కాలు పెట్టి, నాలుగడుగులు తోసి, రెండో కాలు ఎగరేసి ఎక్కడం మనందరి అలవాటు. ఇందులో సైకిల్ కదలగానే ఆ పెడల్ మీ కాలిని పైకి ఎత్తేస్తుంది, కనుక నిలబెట్టి, గొట్టం మీదుగా కాలు దాటించి, ఆ తర్వాతే తొక్కడం మొదలుపెట్టాలి. దిగడమూ పూర్తిగా ఆగాకే. మలుపులో లోపలి పెడల్‌ను పైకి ఎత్తి ఉంచడం కుదరదు. సైకిల్ బాగా వాలితే పెడల్ నేలకు తగులుతుంది, అందుకని మలుపుకు ముందే వేగం తగ్గించండి. వేగనిరోధకాల దగ్గర కాళ్ళు తిప్పుతూనే సీటు మీది నుంచి కొద్దిగా లేవాలి. కోతల కాలంలో రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. ఆ గింజల మీద కాళ్ళతో గట్టిగా ఎదురొత్తితే వెనక చక్రం పక్కకు పోతుంది, ముందు నుంచే నెమ్మదించి సమంగా తొక్కుతూ దాటాలి. మన్ననూరు దాటి శ్రీశైలం ఆనకట్ట వైపు దిగే ఘాటు రోడ్డు వంటి దారులకు ఈ సైకిల్‌ను ఫిక్స్‌డ్ వైపు పెట్టి తీసుకుపోకండి.

చూసుకోవడం

బయలుదేరే ప్రతిసారీ చైను బిగువు, వెనక ఇరుసు నట్లు, ముందు బ్రేకు చూడండి. అరనిమిషం పని. లాక్‌రింగ్ మీద, పళ్ళచక్రం మీద కలిసేలా రంగు చుక్కతో ఒక గీత గీసి ఉంచితే, అది కదిలిందా లేదా అన్నది చూపుతోనే తెలుస్తుంది.

చైనుకు వారానికి ఒకసారి కుట్టుమిషన్ నూనె వంటి పలుచటి నూనె, ప్రతి జాయింటుకు ఒక్కో చుక్క చాలు. వాడిన ఇంజిన్ ఆయిల్ పోయడం మన దగ్గర మామూలే గానీ, మన ఎర్రమట్టి దుమ్ము దానికి పట్టి ఆకురాయిలా పళ్ళను తినేస్తుంది. అరుగుదల కొలవడానికి పిల్లల అడుగు స్కేలు చాలు. చైను సరిగ్గా ఉంటే ఒక పిన్ను మధ్యను సున్నా గీత మీద పెడితే, దాని తర్వాత 24వ పిన్ను మధ్య 12 అంగుళాల గీత మీద పడుతుంది. అది 1/16 అంగుళం దాటిపోతే చైను మార్చండి. 1/8 అంగుళం దాకా వదిలేస్తే పళ్ళచక్రం కూడా మార్చాల్సి వస్తుంది.

ఇప్పుడు చెప్పేది ఇంట్లో పిల్లలున్నవారు మరీ శ్రద్ధగా చదవాలి. స్టాండు వేసి వెనక చక్రం తిప్పుతూ, కదిలే చైనుకు గుడ్డ అడ్డం పెట్టి తుడవకండి. మామూలు సైకిల్‌లో వేలు ఇరుక్కుంటే చైను ఆగుతుంది. ఇందులో తిరుగుతున్న చక్రం బరువంతా చైనును లాగుతూనే ఉంటుంది; గుడ్డ కొస పళ్ళ మధ్యకు పోతే దాని వెంట వేలు పోతుంది, చక్రం ఆగేలోపు వేలి కొన తెగుతుంది. తుడిచేటప్పుడు, నూనె వేసేటప్పుడు క్రాంకును ఒక చేత్తో పట్టుకొని జానెడు తిప్పి, ఆపి, ఆ ముక్క తుడిచి, మళ్ళీ జానెడు తిప్పండి. పిల్లలు పెడల్ పట్టి చక్రం తిప్పి ఆడుకోకుండా సైకిల్‌ను స్టాండు వేయకుండా గోడకు ఆనించి తాళం వేయండి.

వానాకాలం ముగిశాక ఏడాదికి ఒకసారి హబ్‌లు, బీబీ విప్పి పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి కొత్తది పెట్టించండి. బీబీ కుడివైపు కప్పుకు ఎడమచేతి మర ఉంటుంది. దాన్ని కదిలించాల్సిన పని లేదు, ఎడమవైపు నుంచే లోపలంతా శుభ్రం చేయవచ్చు.

రోడ్డు పక్కన సర్కారు తుమ్మ ఉన్నంతకాలం పంచర్లు తప్పవు. కాబట్టి ఇరుసు నట్టుకు సరిపడే పానా, సాధారణంగా 15 మి.మీ., ఎప్పుడూ సీటు సంచిలో ఉండాలి. పంచర్ దుకాణంలో ఆ కొలత లేకపోవచ్చు. చక్రం తీసేటప్పుడు నట్లు వదులు చేసి ముందుకు తోసి మొదట చైను దించండి. ముల్లు తీసి, అతుకు వేసి, టైరు లోపల వేలితో తడిమి ఇంకో ముల్లు లేదని నిర్ధారించుకొని ఎక్కించాక, కుడి నట్టు కొద్దిగా బిగించి, ఎడమ పక్కను వెనక్కి లాగి చక్రాన్ని మధ్యకు తెచ్చి అది బిగించి, మళ్ళీ కుడి నట్టు వదులు చేసి ఆ పక్క లాగండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే చక్రం నడిచినట్టు వెనక్కి జరిగి బిగువు సరిపోతుంది. చివరగా క్రాంకును ఒక పూర్తి చుట్టు తిప్పి నాలుగు చోట్ల బిగువు చూసి, రెండు నట్లూ గట్టిగా బిగించి, ముందు బ్రేకు ఒకసారి నొక్కి చూసి, అప్పుడు ఎక్కండి.